ముందు యాక్సిల్ బీమ్: కంప్యూటర్ లెక్కలో పది లక్షల సైకిళ్లు, టెస్ట్ రిగ్‌పై రెండు లక్షలు. తేడా ఎక్కడ వస్తోంది?

డిజైన్‌బల్ల (ప్రశ్న)

అందరికీ నమస్కారం. లారీల ముందు యాక్సిల్‌కు వాడే ఫోర్జింగ్ బీమ్ (కాల్చిన ఉక్కును డైలు అనే అచ్చుల మధ్య నొక్కి చేసే దూలం) డిజైన్ నా పని. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం యాక్సిల్ బరువుల పరిమితి పెంచి, రెండు యాక్సిళ్ల లారీ మొత్తం బరువును 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు అనుమతించిన దగ్గర నుంచి, ముందు యాక్సిల్‌ను ఆరు టన్నులకు బదులు ఏడు టన్నులకు డిజైన్ చేయవలసి వస్తోంది. పాత బీమ్‌నే కొంత బలపరిచి ఏడు టన్నులకు సరిపెట్టాలన్న ఉద్దేశంతో కొత్త మోడల్ గీశాను.

వివరాలు ఇవి. చక్రాల మధ్య దూరం 2000 మిల్లీమీటర్లు, కమాన్ పట్టీల ప్యాడ్‌ల మధ్య దూరం 850 మిల్లీమీటర్లు. ప్యాడ్‌ల మధ్య భాగం ఇంగ్లిష్ ఐ అక్షరం ఆకారంలో ఉంటుంది: పైనా కిందా ఉన్న అడ్డ పలకలు ఫ్లాంజ్‌లు, వాటిని కలిపే నిలువు గోడ వెబ్. ఎత్తు 95, ఫ్లాంజ్ వెడల్పు 90, ఫ్లాంజ్ మందం 22, వెబ్ మందం 16 మిల్లీమీటర్లు. ఉక్కు ఈఎన్ 19, హార్డెనింగ్, టెంపరింగ్ అయ్యాక తన్యతా బలం 900 మెగాపాస్కల్ దగ్గర ఉంటుంది. రిగ్‌పై, అంటే లోడును మళ్లీ మళ్లీ వేసి తీసే పరీక్షా యంత్రంపై, నిలువు లోడు మాత్రమే ఇస్తున్నాము; ఒకసారి వేసి తీస్తే ఒక సైకిల్. గరిష్ఠ లోడు స్థిరభారానికి రెండున్నర రెట్లు, కనిష్ఠ లోడు 0.2 రెట్లు.

ఫైనైట్ ఎలిమెంట్ లెక్కలో (బీమ్‌ను చిన్న ముక్కల మెష్‌గా విడగొట్టి చేసేది) అత్యధిక స్ట్రెస్ ప్యాడ్ మూల ఫిల్లెట్ (గుండ్రం చేసిన మూల) దగ్గర 480 మెగాపాస్కల్ వచ్చింది. ఫెటీగ్ (పదే పదే లోడు పడి లోహం పగలడం) లెక్కించే సాఫ్ట్‌వేర్ పది లక్షల సైకిళ్లు దాటినా ఏమీ కాదని చెప్పింది. రిగ్‌పై పెట్టిన నమూనాలు మాత్రం లక్షన్నరకూ రెండు లక్షల ముప్పై వేలకూ మధ్య విరిగిపోయాయి. అంతకంటే ఆశ్చర్యం ఏమిటంటే, పగులు ఆ ఫిల్లెట్ దగ్గర మొదలు కాలేదు. దానికి బెత్తెడు బయటి వైపు, కింది ఫ్లాంజ్ అడుగున సరిగ్గా మధ్య గీత మీద మొదలైంది. అక్కడ లెక్కలో వచ్చిన స్ట్రెస్ గరిష్ఠం 420, కనిష్ఠం 35 మాత్రమే.

మెష్‌ను ఎంత సన్నగా చేసినా ఫలితం మారలేదు. ఇంకొక ప్రశ్న కూడా ఉంది. బరువు తగ్గించడానికి టోపాలజీ ఆప్టిమైజేషన్ (అనవసరమైన లోహం ఎక్కడ తీయవచ్చో కంప్యూటర్ చెప్పే పద్ధతి) నడిపితే, ప్యాడ్ నుంచి కింగ్‌పిన్ (చక్రం మలుపు తిరిగే ఇరుసు) వరకు ఉన్న గుండ్రటి మెడ భాగాన్ని కూడా తొలిచి ఐ ఆకారంలోకి తెమ్మంటోంది. నిలువు లోడుకు అది సరిపోతుంది కూడా. అలా చేయవచ్చా?

లెక్కలపెట్టె

మొదటి ప్రశ్నకు సమాధానం మెష్‌లో దొరకదు. మీరు ఇచ్చిన అంకెలతో చేతిలెక్క వేసి చూద్దాము.

చక్రానికి 3.5 టన్నులు అంటే 34.3 కిలోన్యూటన్లు. చక్రం నుంచి ప్యాడ్ వరకు 575 మిల్లీమీటర్లు కాబట్టి బెండింగ్ మొమెంట్ 19.7 కిలోన్యూటన్ మీటర్లు. మీ ఐ ఆకారపు సెక్షన్ మాడ్యులస్ సుమారు 1,18,000 ఘన మిల్లీమీటర్లు వస్తుంది. స్థిరభారం కింద స్ట్రెస్ 167, రెండున్నర రెట్లకు 418 మెగాపాస్కల్. ప్యాడ్‌ల మధ్య భాగానికి కాగితం మీద వచ్చిన ఈ అంకెకూ, పగులు దగ్గర మీ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన 420కీ పెద్ద తేడా లేదు కాబట్టి స్ట్రెస్ లెక్క గాడి తప్పలేదనే అనుకుంటున్నాను.

గరిష్ఠం 420, కనిష్ఠం 35 అయినప్పుడు ఆంప్లిట్యూడ్ 192, సగటు 228. గుడ్‌మన్ పద్ధతిలో సగటు స్ట్రెస్‌ను సర్దితే, ఇది అటూ ఇటూ సమానంగా 258 మెగాపాస్కల్ ఊగే స్ట్రెస్‌కు సమానం. నునుపుగా పాలిష్ చేసిన నమూనాకు ఎండ్యూరెన్స్ లిమిట్ (ఎన్ని సైకిళ్లయినా తట్టుకునే స్ట్రెస్) తన్యతా బలంలో సగం, అంటే 450. 258కీ 450కీ మధ్య ఇంత ఖాళీ ఉన్నప్పుడు మీ సాఫ్ట్‌వేర్ అనంతమైన ఆయుష్షు ఇవ్వడంలో వింత లేదు.

కానీ మీ బీమ్ పాలిష్ చేసిన కడ్డీ కాదు. ఫోర్జింగ్ నుంచి వచ్చిన ఉపరితలం అలాగే ఉంచితే, 900 మెగాపాస్కల్ ఉక్కుకు పాఠ్యపుస్తకాలలో వాడే ఉపరితల గుణకం 0.31. అదే గ్రైండ్ చేసిన ఉపరితలానికి దాదాపు 0.89. 450ని 0.31తో గుణిస్తే మిగిలేది 140 మాత్రమే. 258 అనేది 140కి చాలా పైన ఉంది. స్ట్రెస్‌కూ సైకిళ్లకూ ఉన్న సంబంధం చూపే గీత పట్టుకుని ఆయుష్షు లెక్కిస్తే సుమారు 75 వేల సైకిళ్లు వస్తాయి. పరిమాణ గుణకం, నమ్మక స్థాయి గుణకం ఇంకా కలపలేదు.

అంటే ఒక లెక్క అనంతం అంటోంది, మరొకటి 75 వేలు అంటోంది, రిగ్ రెండు లక్షల చుట్టుపక్కల తేల్చింది. ఆ 0.31 వెనుక ఉన్న సమాచారం 1946 నాటిది. ఆ రోజుల్లో కొలిమిలో కాల్చిన తీరు, పొలుసు పట్టిన తీరు, ఉపరితలం కార్బన్ కోల్పోయిన తీరు అన్నీ అందులో కలిసిపోయి ఉన్నాయి. కాబట్టి ఇప్పటి ఫోర్జింగ్‌కు అది కొంత కఠినమైన అంకె. అయినా సాఫ్ట్‌వేర్‌లో ఉపరితలం అన్న చోట పాలిష్ అని వదిలేసి నడపడం కంటే అదే సత్యానికి దగ్గర. మీ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్‌లో ఆ గడిలో ఏముందో ఒకసారి చెప్పగలరా?

డైషాపు

పగులు కింది ఫ్లాంజ్ అడుగున మధ్య గీత మీద వచ్చిందన్న మాట చదవగానే నాకు డై గుర్తుకు వచ్చింది. ఆ గీత మరేదో కాదు, ఫ్లాష్ (రెండు డైల సందులోంచి బయటికి పొంగిన అదనపు లోహం) గీత.

వాహనంలో బీమ్ ఎలా కూర్చుంటుందో డైలో అలా కూర్చోదు. ఐ ఆకారంలో వెబ్‌కు రెండు వైపులా ఉన్న గుంటలు తీయాలంటే బీమ్‌ను పక్కకు పడుకోబెట్టాలి, పై డై ఒక గుంటలోకీ కింది డై మరొక గుంటలోకీ దిగాలి. అప్పుడు పార్టింగ్ లైన్, అంటే రెండు డైలు కలిసే గీత, వెబ్ మధ్య తలంలో పడుతుంది. అది బీమ్ చుట్టూ తిరిగి, ఫ్లాంజ్‌ల బయటి ముఖాల నడిమధ్యగా, పొడవునా నడుస్తుంది. బీమ్‌ను మళ్లీ నిలబెట్టి లారీ కింద బిగిస్తే, ఆ గీత కింది ఫ్లాంజ్ అడుగున, అత్యధిక తన్యత ఉన్న చోటే ఉంటుంది. ఈ ఆకారానికి దీనిని తప్పించుకునే దారి లేదు.

మరొక చిక్కు డ్రాఫ్ట్‌తో వస్తుంది. డై నుంచి బీమ్ ఊడి రావడానికి మీరు ఐదు డిగ్రీల వాలు ఇచ్చి ఉంటే, ఫ్లాంజ్ సగం వెడల్పు 45 మిల్లీమీటర్లకు దాదాపు నాలుగు మిల్లీమీటర్ల వాలు వస్తుంది. బయటి ముఖం చదునుగా ఉండదు. ఇంటికప్పులా మధ్యలో దూలం మీదికి లేచి ఉంటుంది. ఆ దూలమే ఫ్లాష్ గీత, న్యూట్రల్ యాక్సిస్‌కు (బీమ్ వంగినప్పుడు స్ట్రెస్ పడని మధ్య గీతకు) అన్నిటికంటే దూరంగా ఉన్నదీ అదే. పై డైకీ కింది డైకీ మధ్య మిస్‌మ్యాచ్ ఉంటే అక్కడ చిన్న మెట్టు కూడా ఏర్పడుతుంది. క్యాడ్ మోడల్‌లో ఆ మెట్టు ఉండదు, ఎవరూ గీయరు.

ఇక ట్రిమ్మింగ్. ఫ్లాష్ కోసిన చోట లోహం తెగిన అంచు గరుకుగా మిగులుతుంది, దానిని చేతి గ్రైండర్‌తో సాపు చేస్తారు. గ్రైండర్ గీతలు బీమ్ పొడవు వెంబడి ఉన్నాయా, అడ్డంగా ఉన్నాయా అన్నది చూడండి. అడ్డంగా ఉన్న ప్రతి గీతా బెండింగ్ స్ట్రెస్‌కు లంబంగా నిలబడిన చిన్న గాడి. మనిషి నిలబడే వైపును బట్టి చెయ్యి సహజంగా అడ్డంగానే ఆడుతుంది కాబట్టి, పని సూచనలలో ప్రత్యేకంగా రాసి, బీమ్‌ను తిప్పి పెట్టే స్టాండు ఇస్తే తప్ప ఇది మారదు.

పగులు ఫిల్లెట్‌కు బెత్తెడు దూరంలో ఎందుకు వచ్చిందన్నది ఫోర్జింగ్ సిమ్యులేషన్ చూస్తే తెలియవచ్చు. తిన్నగా ఉన్న మధ్య భాగంలో లోహం పక్కకు మాత్రమే పారుతుంది, ఉక్కు పోగులు పొడవు వెంబడే నిలుస్తాయి. ఐ ఆకారం మెడగా మారే చోట లోహం పక్కకూ, పొడవు వైపూ, కిందికీ ఒకేసారి పారాలి. రోల్ ఫోర్జింగ్‌లో (కడ్డీ లోహాన్ని రోలర్లతో ముందుగా పంచే దశలో) అక్కడ లోహం తక్కువ పంచి ఉన్నా, బ్లాకర్ డై (చివరి డైకి ముందు స్థూల ఆకారం ఇచ్చే డై) మూలలు బిగుతుగా ఉన్నా, ఒక ప్రవాహం మరొకదాని మీద మడతపడి ల్యాప్ ఏర్పడుతుంది. డిఫార్మ్, ఫోర్జ్, క్యూఫార్మ్, సిముఫాక్ట్ వంటి ప్రోగ్రాములన్నీ మడత పడే చోటును, పోగుల దిశను చూపిస్తాయి. మీ డై విభాగం ఆ సిమ్యులేషన్ నడిపే ఉంటుంది. సాధారణంగా వారు డై నిండిందా, ఎన్ని టన్నుల ప్రెస్ కావాలి అన్న రెండు జవాబులు తీసుకుని ఫైలు మూసేస్తారు; అదే ఫైలులో మీకు కావలసిన సమాధానం కూడా ఉంటుంది.

డిజైన్‌బల్ల

లెక్కలపెట్టె గారూ, ఆ గడిలో పాలిష్ అనే ఉంది. అది సాఫ్ట్‌వేర్ ఇచ్చే డిఫాల్ట్.

డైషాపు గారూ, విరిగిన ముక్కలను మళ్లీ చూశాము. గ్రైండర్ గీతలు అన్నిటి మీదా అడ్డంగానే ఉన్నాయి. ఒక ముక్కను కోసి సగం నీళ్లు, సగం హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి వేడి చేసిన ద్రావణంలో ఉంచితే పోగులు కనిపించాయి. మెడ మొదలయ్యే చోట పోగులు వంకర తిరిగి ఫ్లాష్ వైపు చివర తేలాయి గానీ ల్యాప్ కనిపించలేదు. మ్యాగ్నెటిక్ పార్టికల్ పరీక్షలో మిగిలిన బీమ్‌ల మీద కూడా మడత గీతలు కనిపించలేదు. ఉపరితలం నుంచి లోపలికి 0.3 కిలోల భారంతో వికర్స్ కాఠిన్యం కొలిస్తే, సుమారు 0.35 మిల్లీమీటర్ల లోతు వరకు కాఠిన్యం తక్కువగా ఉంది.

ఇప్పుడు షాట్ పీనింగ్ పెడితే సరిపోతుందని ఒక సలహా వచ్చింది. ఫోర్జింగ్ విభాగం మాత్రం షాట్ బ్లాస్టింగ్ ఎలాగూ చేస్తున్నామనీ, రెండూ ఒకటేననీ అంటోంది.

ఉక్కునగరం

రెండూ ఒకటి కావు. షాట్ బ్లాస్టింగ్ పొలుసు రాల్చడానికి. ఎంత శక్తితో ఎంతసేపు గుండ్లు తగిలాయో ఎవరూ కొలవరు. షాట్ పీనింగ్‌లో అల్మెన్ పట్టీ అనే పలుచని ఉక్కు పట్టీ పెట్టి, అది ఎంత వంగిందో కొలిచి తీవ్రత నిర్ణయిస్తారు, ఉపరితలం మొత్తం దెబ్బ పడిందా లేదా చూస్తారు. ఉద్దేశం ఉపరితలంలో నిలిచిపోయే సంపీడన స్ట్రెస్ సృష్టించడం. బ్లాస్టింగ్ వల్ల కూడా కొంత మేలు జరుగుతుంది, మీ నమూనాలు 75 వేలు దాటి నిలవడానికి అది ఒక కారణం కావచ్చు. కానీ ఆ మేలు ఈ రోజు ఉన్నట్టు రేపు ఉండదు, కాబట్టి డిజైన్‌లో దానిని లెక్కలోకి తీసుకోకూడదు.

అయితే మీ విషయంలో పీనింగ్ కంటే ముందు చూడవలసింది ఆ 0.35 మిల్లీమీటర్ల మెత్తని పొర. అది డీకార్బరైజేషన్. ఉపరితలం దగ్గర కార్బన్ మంటలో కాలిపోయి, హార్డెనింగ్‌లో అక్కడ మార్టెన్‌సైట్ (ఉక్కుకు కాఠిన్యం ఇచ్చే అంతర్నిర్మాణం) సరిగా ఏర్పడక, లోపల 900 మెగాపాస్కల్ ఉన్న ఉక్కుకు పైన చాలా బలహీనమైన చర్మం మిగిలింది. బెండింగ్‌లో అత్యధిక స్ట్రెస్ మోసేది ఆ చర్మమే. పీనింగ్ వల్ల ఏర్పడే సంపీడన పొర లోతు కూడా మామూలుగా మిల్లీమీటరులో కొద్ది భాగమే. మెత్తని పొర మీద పీనింగ్ చేస్తే గుండ్లు చక్కగా గుంటలు పెడతాయి, నిలిచే సంపీడన స్ట్రెస్ మాత్రం తక్కువగా ఉంటుంది. మెత్తని లోహం తన యీల్డ్ బలాన్ని మించి దేనినీ పట్టి ఉంచలేదు కదా.

కార్బన్ ఎక్కడ పోతోందో కనిపెట్టండి. బిల్లెట్‌ను 1200 డిగ్రీల దాకా ఆయిల్ ఫర్నేసులో గంటల తరబడి కాలుస్తున్నారా, ఇండక్షన్ హీటర్‌లో నిమిషాలలో వేడి చేస్తున్నారా అన్నది ఒక పెద్ద తేడా. ప్రెస్ ఆగిపోయినప్పుడు ఫర్నేసులో బిల్లెట్లు అలాగే మగ్గుతున్నాయా అన్నది ఇంకొకటి. మూడవది హార్డెనింగ్ ఫర్నేసు: లోపలి వాతావరణాన్ని అదుపు చేయకపోతే ఫోర్జింగ్‌లో పోగా మిగిలిన కార్బన్ అక్కడ పోతుంది. వచ్చిన కడ్డీల మీదే కొంత పొర ఉండవచ్చు; కడ్డీ కొలత, ఫోర్జింగ్ తర్వాత కొలత, హార్డెనింగ్ తర్వాత కొలత విడివిడిగా తీస్తే దోషం ఏ విభాగానిదో వాదించుకోనక్కరలేదు.

ఇంకొక మాట అడగాలి. క్వెంచింగ్‌లో (కాల్చిన బీమ్‌ను ఒక్కసారిగా చల్లార్చినప్పుడు) బీమ్ వంకర పోతే ప్రెస్ మీద చల్లగానే తిన్నగా చేస్తున్నారా? వంకర పోయిన బీమ్‌ను నొక్కి తిన్నగా చేసినప్పుడు, నొక్కు తీసేశాక లోపల మిగిలే స్ట్రెస్ ఒక్కొక్క బీమ్‌లో ఒక్కొక్క తీరుగా ఉంటుంది. కొన్నిటిలో అడుగు భాగంలో తన్యత మిగలవచ్చు. అది మీ సగటు స్ట్రెస్‌కు వచ్చి కలుస్తుంది. టెంపరింగ్ నుంచి వచ్చిన వేడి ఉండగానే తిన్నగా చేయడం, వీలుకాకపోతే టెంపరింగ్ ఉష్ణోగ్రతకు ముప్పై నుంచి యాభై డిగ్రీల తక్కువలో మళ్లీ స్ట్రెస్ రిలీవింగ్ చేయడం మంచిది. పీనింగ్ ఎప్పుడూ వీటన్నిటి తర్వాతే. పీనింగ్ అయ్యాక తిన్నగా చేసినా, మళ్లీ వేడి చేసినా పెట్టిన ఖర్చు వృథా.

రిగ్‌గది

ఉపరితలం గురించి పైన చెప్పినవన్నీ నిజమే కావచ్చు, కానీ రిగ్ నిజం చెబుతోందా అన్నది ముందు తేల్చుకోవాలి. పగులు చోట, దానికి సరిగ్గా ఎదురుగా రెండో వైపున, మధ్య భాగంలో పై ఫ్లాంజ్ మీద, కింది ఫ్లాంజ్ మీద స్ట్రెయిన్ గేజ్‌లు అతికించి, నెమ్మదిగా లోడు పెంచుతూ కొలవండి. కుడి ఎడమ కొలతలు సమానంగా ఉండాలి, లెక్కతో పోల్చితే తేడా పది శాతం లోపు ఉండాలి. రిగ్‌లలో తరచుగా కనిపించే లోపం చివరి ఆధారాలది: బీమ్ కిందికి వంగినప్పుడు చివరలు కొద్దిగా జరగడానికి రోలర్లు ఉండాలి, అవి బిగుసుకుపోతే బీమ్‌లో పొడవు వెంబడి అదనపు బలం పుడుతుంది, అది లెక్కలో ఉండదు. ప్యాడ్ దగ్గర యూ బోల్టుల బిగింపు కూడా వాహనంలో ఉన్నంతే ఉండాలి, ఎందుకంటే బిగించిన ప్యాడ్ బీమ్‌ను అక్కడ గట్టిపరచి ఎక్కువ వంపును బయటి వైపుకు నెడుతుంది. మీ పగులు ఫిల్లెట్‌ను వదిలి బెత్తెడు దూరం జరగడంలో దీని పాత్ర కూడా ఉండవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ప్యాడ్ మీద లోడు ఎలా పెట్టారో, సమానంగా పరిచారా లేక బోల్టులతో బిగించారా అన్నది చూసుకోండి.

లక్షన్నర నుంచి రెండు లక్షల ముప్పై వేల దాకా తేడా ఫెటీగ్‌లో మామూలే. ఒకే కడ్డీ నుంచి, ఒకే డై నుంచి వచ్చిన నమూనాలలో కూడా ఇలా ఉంటుంది. అందుకని మార్పు చేశాక ఒక్క నమూనా ఐదు లక్షలు నిలిచిందని సంతోషపడి పరీక్ష ముగించవద్దు. మార్పు లేనివి కొన్ని, మార్పు చేసినవి కొన్ని ఒకే లోడు కింద నడిపి, వీబుల్ గ్రాఫు (ఎన్ని సైకిళ్లకు ఎంత శాతం విరుగుతాయో చూపేది) మీద పక్కపక్కన పెట్టి చూడాలి. సొంత రిగ్ మీద నమ్మకం కుదరకపోతే పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి వాహన పరీక్షల సంస్థలో ఒక జత నమూనాలు నడిపించి పోల్చుకోవచ్చు.

యాక్సిళ్లకు ఈ పరీక్షలు కొత్త కాదు. 1842లో వర్సాయ్ దగ్గర రైలింజను యాక్సిల్ విరిగి జరిగిన ఘోర ప్రమాదం తర్వాతే ఇంజనీర్లు దీని వెంట పడ్డారు; ప్రష్యా రైల్వేలలో వోలర్ అనే ఇంజనీరు తిప్పి తిప్పి విరగ్గొట్టినవి కూడా యాక్సిళ్లే. ఈ రోజు మీ సాఫ్ట్‌వేర్ వాడుతున్న స్ట్రెస్, సైకిళ్ల గీతకు మూలం అక్కడే ఉంది.

లెక్కలపెట్టె

రెండవ ప్రశ్న మిగిలిపోయింది. మెడను ఐ ఆకారంలోకి తొలచవద్దు. ఆప్టిమైజేషన్‌కు మీరు నిలువు లోడు ఒక్కటే చూపించారు కాబట్టి అది నిలువు లోడుకు తగిన ఆకారమే ఇచ్చింది. బ్రేకు సంగతి దానికి తెలియదు.

గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముందు యాక్సిల్ మీద బరువు 1.4 రెట్లు అవుతుందనీ, రోడ్డు పట్టు 0.7 అనీ, టైరు వ్యాసార్ధం అర మీటరు అనీ అనుకుందాము. ఒక్కొక్క చక్రం దగ్గర దాదాపు 17 కిలోన్యూటన్ మీటర్ల టార్క్ పుడుతుంది. బ్రేకు స్టబ్ యాక్సిల్‌కు (చక్రం తిరిగే చివరి ముక్కకు) బిగించి ఉంటుంది, స్టబ్ యాక్సిల్ కింగ్‌పిన్ ద్వారా బీమ్‌ను పట్టుకుని ఉంటుంది, ఆ మెలిని ఆపేది కమాన్ పట్టీ. కాబట్టి కింగ్‌పిన్ నుంచి ప్యాడ్ వరకు ఉన్న మెడ మొత్తం మెలిపడుతుంది. ప్యాడ్‌ల మధ్య భాగానికి ఈ బాధ పెద్దగా లేదు.

95 మిల్లీమీటర్ల గుండ్రటి మెడలో ఆ టార్క్ వల్ల షియర్ స్ట్రెస్ సుమారు 100 మెగాపాస్కల్. మీ ఐ ఆకారాన్నే అక్కడ పెట్టి, పలుచని గోడల సూత్రంతో లెక్కిస్తే 520 మెగాపాస్కల్ వస్తుంది. చివరలు బిగించి ఉండటం వల్ల నిజంగా అంత రాకపోవచ్చు, అయినా ఐ ఆకారం మెలికి ఎంత పనికిరానిదో తెలియడానికి ఇది చాలు. దీనికి తోడు బ్రేకు బలం బీమ్‌ను వెనక్కి కూడా వంచుతుంది. పాత బీమ్‌లో మధ్య భాగం ఐ, మెడ గుండ్రం లేదా కోడిగుడ్డు ఆకారం అని రెండు తీరులు పెట్టినవారు కారణం లేకుండా పెట్టలేదు.

నిలువు లోడు, బ్రేకు, మలుపులో పక్క బలం అనే మూడు కేసులూ కలిపి ఆప్టిమైజేషన్‌ను మళ్లీ నడపండి. మెడలో తగ్గించడానికి పెద్దగా ఏమీ ఉండదు. బరువు తగ్గేదంతా ప్యాడ్‌ల మధ్య వెబ్‌లో దొరుకుతుంది.

డైషాపు

దానికి ఒక చిన్న చేర్పు. ఆప్టిమైజేషన్ నడిపేటప్పుడు డై తెరుచుకునే దిశను, కనీస వెబ్ మందాన్ని షరతులుగా ఇవ్వండి. లేకపోతే ఏ డైలోనూ తీయలేని రంధ్రాలూ, వెనక్కి తిరిగిన గుంటలూ ఉన్న ఆకారం ఇచ్చి, దానిని మీరు చేత్తో సరిదిద్దేసరికి మిగిలిన బరువు లాభం పోతుంది. వెబ్ మందం 16 నుంచి బాగా తగ్గించాలని ఆశ పడినా ప్రెస్‌ను అడిగి తగ్గించండి: పలుచని వెబ్ త్వరగా చల్లారి గట్టిపడుతుంది, దానిని నొక్కడానికి కావలసిన టన్నులు వేగంగా పెరుగుతాయి, డై త్వరగా అరుగుతుంది. అరిగిన డై నుంచి వచ్చే బీమ్ మీరు గీసిన దానికంటే మందంగానే ఉంటుంది.

డిజైన్‌బల్ల

అందరికీ ధన్యవాదాలు. చల్లగా తిన్నగా చేయడం మా దగ్గర ఉంది, ఆ తర్వాత స్ట్రెస్ రిలీవింగ్ లేదు. గ్రైండింగ్ దిశ మార్చడం, రిగ్ మీద గేజ్‌లు పెట్టడం వెంటనే మొదలవుతాయి. ఒకే ఒక్క సందేహం: ఈ మార్పులన్నీ ఒకేసారి చేసి పరీక్షించాలా, విడివిడిగానా? నమూనాలు ఎక్కువ ఇవ్వరు.

రిగ్‌గది

ముందు గేజ్‌లతో రిగ్‌ను సరిచూసుకోండి; దానికి నమూనాలు విరగనక్కరలేదు. తర్వాత, ఇప్పటికే తయారై ఉన్న బీమ్‌లలో సగం తీసుకుని ఫ్లాష్ గీతను పొడవు వెంబడి నునుపుగా గ్రైండ్ చేసి, ఆ మెత్తని పొర లోతు దాటేలా అర మిల్లీమీటరు వరకు తీసేసి నడపండి. గ్రైండింగ్ గీతలూ, డీకార్బరైజేషనూ రెండూ అక్కడ ఒకేసారి పోతాయి. ఆయుష్షు బాగా పెరిగితే దోషం ఉపరితలానిది. పెరగకపోతే తిన్నగా చేయడం వల్ల మిగిలిన స్ట్రెస్ వైపు వెళ్లి, రంధ్రం తవ్వి కొలిచే స్ట్రెయిన్ గేజ్ పద్ధతితో అడుగు భాగంలో ఎంత ఉందో చూడండి. ఫర్నేసు మార్చమని పై వారిని అడగడానికి ఆ రెండు గ్రాఫులు పట్టుకుని వెళ్లండి.